నోరులేని జీవికి నోరిచ్చిన పుస్తకము

బిలాము గాడిద నోరు తెరచి, తన్ను మూడు మారులు కొట్టిన యజమానుని న్యాయమడిగిన కథ మీరెరుగుదురు. ఆ యజమాని ప్రవక్త. అతడు చదువుకొనినవాడు, పేరుగలవాడు, రాజులు పిలిపించుకొనునంతటివాడు. అయినను త్రోవలో నిలిచిన దూత గాడిదకు కనబడెను గాని అతనికి కనబడలేదు. తాను చూడలేని అపాయమునుండి తన్ను తప్పించిన జీవినే అతడు కోపముతో కొట్టెను. మూగజీవి మాటలాడినప్పుడు గాని మనుష్యుడు తన చేతిలోని కఱ్ఱను చూచుకొనడు.

అట్టి అద్భుతము ప్రతిదినము జరుగదు. అయితే 1877వ సంవత్సరమున ఇంగ్లండు దేశమునందు, నడువలేని ఒక స్త్రీ, మంచము పట్టియుండియు, ఒక గుఱ్ఱముచేత దాని జీవితకథ యంతయు చెప్పించెను. ఆ పుస్తకము పేరు బ్లాక్ బ్యూటీ. ఆమె పేరు ఆనా స్యూయల్. ఆమె తన జీవితములో వ్రాసిన నవల యిది యొక్కటియే. నేడు లోకమంతట పిల్లలు దానిని తమ పుస్తకముగా చదువుకొనుచున్నారు. అయితే ఆమె దానిని పిల్లలకొరకు వ్రాయలేదు. గుఱ్ఱములను తోలువారికొరకు, మేపువారికొరకు, వాటి మూలమున జీవనము చేయువారికొరకు వ్రాసెను. ఆ పుస్తకము ఎట్లు పుట్టెనో, అది ఏమి చేసెనో ఈ నెల మీతో చెప్పగోరుచున్నాను.

ఆనా 1820 మార్చి 30వ తేదీన నార్ఫోక్ సీమలోని గ్రేట్ యార్మత్ అను సముద్రతీరపు పట్టణమున జన్మించెను. తండ్రి ఐజక్, తల్లి మేరీ. వారు క్వేకర్లు, అనగా మిత్రుల సమాజమునకు చెందినవారు. ఆ సమాజమువారు ఆడంబరమైన వస్త్రములు ధరింపరు, యుద్ధమునకు పోరు. బానిసత్వమును మొదటనే ఎదిరించినవారిలో వారొకరు. ఐజక్ వ్యాపారములో అదృష్టవంతుడు కాడు. ఆనా పసిబిడ్డగా ఉండగానే ఆ కుటుంబము లండను చేరెను. అటుతరువాత ఊరు విడిచి ఊరు మారుటయే వారికి అలవాటయ్యెను. ఇంట ధనము లేకుండినను చదువునకు, దయకు కొదువలేకుండెను. పిల్లలు ఏ చిన్న ప్రాణిని బాధించినను తల్లి సహించెడిది కాదు. సెలవులకు నార్ఫోక్‌లోని బక్స్‌టన్ గ్రామమున బంధువుల పొలమునకు పోయినప్పుడు ఆనా గుఱ్ఱపు స్వారి నేర్చుకొనెను.

పదునాలుగేండ్ల ప్రాయమున ఆమె ఒకనాడు బడినుండి ఇంటికి వచ్చుచు జారి పడెను. రెండు చీలమండలకును గాయము తగిలెను. ఆ కాలపు వైద్యము దానిని బాగుచేయలేకపోయెను. అది మొదలుకొని ఆమె ఊతకఱ్ఱ లేక నిలువలేదు, ఎక్కువ దూరము నడువలేదు. ఐరోపాలోని నీటిచికిత్స స్థలములకు పోయి వచ్చినను పూర్తిగా స్వస్థత కలుగలేదు.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. కాళ్లు లేనివారికి గుఱ్ఱము కాళ్లగును. ఆనా ఎచ్చటికి పోవలెనన్నను చిన్న పోనీబండి యెక్కి, తానే పగ్గములు పట్టి తోలుకొని పోయెడిది. ససెక్స్‌లో కాపురమున్న దినములలో తండ్రిని రైలుస్టేషనునకు దిగవిడిచి వచ్చుట ఆమె పనియే. కొరడా విదిలించి అదలించుట ఆమె యెరుగదు. స్నేహితునితో మాటలాడినట్లు గుఱ్ఱముతో మాటలాడుచు తోలునట. సుఖమైన దేహము గలవాడు గుఱ్ఱమును వాహనముగా చూచును. ఆమె మాత్రము, ఒకరి బలముమీద ఆనుకొని బ్రతుకవలసినవారు ఆ బలమును చూచునట్లు, కృతజ్ఞతతో చూచెను. ఆ పుస్తకపు మూలము ఈ కృతజ్ఞతయే.

తల్లియగు మేరీ స్యూయల్ ఆ దినములలో కూతురికంటె ఎంతో ప్రసిద్ధురాలు. బీదలకొరకు, పనివారికొరకు సులభమైన పద్యకథలు వ్రాసెను. 1860లో వెలువడిన ఆమె కథ యొకటి పదిలక్షల ప్రతులకు పైగా వ్యాపించెను. తల్లి వ్రాసిన ప్రతి పంక్తిని ఆనా విని, దిద్ది, పనికిరాని మాటను నిర్దాక్షిణ్యముగా తీసివేయించెడిది. ఇతరుల వ్రాతను ఇట్లు దిద్దుచు ఆమె తన యేబదియవ యేటి వరకు తనదని చెప్పుకొనదగిన పుస్తకము ఒక్కటియు వ్రాయలేదు. తల్లీకూతుండ్రు వయసువచ్చిన పనివారికి చదువు నేర్పిరి, బీదల యిండ్లను దర్శించిరి. వారు క్వేకరు సమాజమును విడిచి ఆంగ్ల సంఘమున చేరినను, ఆ సమాజము నేర్పిన నిరాడంబరతను, హింసపట్ల ఏవగింపును విడువలేదు.

ఆ కాలపు లండను నగరము గుఱ్ఱములమీద నడిచెను. రైళ్లు ఊరినుండి ఊరికి పోవుచుండెను గాని, స్టేషనులో దిగిన మనుష్యుడును, దింపిన మూటయు ఇంటికి చేరవలెనన్న గుఱ్ఱమే గతి. అద్దెబండ్లు, పెద్ద ప్రయాణపు బండ్లు, బొగ్గుబండ్లు, సారాబండ్లు, శవములను మోయు బండ్లు, అన్నిటిని గుఱ్ఱములే లాగెను. 1890ల తొలిదినములలో ఆ నగరమున మూడులక్షల గుఱ్ఱములుండెనని అప్పటివారు లెక్కవేసిరి.

వాటి పక్షముగా ఎవరును మాటలాడలేదని కాదు. 1822లో రిచర్డ్ మార్టిన్ అను ఐర్లండు దేశస్థుడు ఇంగ్లండు పార్లమెంటులో పశుహింసను శిక్షించు చట్టమును తెచ్చెను. దానికి ముందు ఒకడు తన గుఱ్ఱమును నడివీధిలో చావగొట్టినను, అది అతని సొత్తు గనుక ఎవరును అడ్డగింప వీలులేకుండెను. చట్టమున్నను దానిని నడిపించువారు కావలెను గదా! 1824 జూను 16వ తేదీన లండనులోని ఒక కాఫీహోటలులో ఆర్థర్ బ్రూమ్ అను బోధకుడు కొందరిని సమకూర్చి జంతుహింసా నివారణ సంఘమును స్థాపించెను. బానిస వ్యాపారమును మాన్పించుటకు పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆ కూటమునందు ఉండెను. సంఘపు అప్పుల నిమిత్తము బ్రూమ్ చెరసాలపాలయ్యెను. అతని తరువాత లూయిస్ గాంపర్ట్స్ అను యూదుడు ఆ పనిని నిలువబెట్టెను. 1840లో విక్టోరియా రాణి ఆ సంఘమునకు రాజనామము అనుగ్రహించెను. 1859లో క్వేకరైన సామ్యుల్ గర్నీయు మరికొందరును నగరపు బీదలకు త్రాగునీటి కుళాయిలు కట్టించు సంఘమును పెట్టిరి. 1867 నాటికి ఆ సంఘము పశువులకు నీటితొట్లు కట్టించుటనుకూడ తన పనిగా చేర్చుకొనెను.

చట్టమును, సంఘమును, నీటితొట్టియు వచ్చెను. అయినను గుఱ్ఱపు బాధ తీరలేదు. ఏలయనగా చట్టము కొరడాదెబ్బను చూడగలదు గాని, అలవాటుగా మారిన హింసను చూడలేదు. ఆనా ఆ లోటునే కనిపెట్టెను.

1871 నవంబరులో, తాను ఒక గుఱ్ఱపు జీవితకథ వ్రాయుచున్నానని ఆమె తన దినచర్యలో వ్రాసికొనెను. క్రిస్మసు కొరకు బొమ్మలు సిద్ధపరచుచున్నానను సంగతితో కలిపి వ్రాసిన చిన్న మాట అది. అప్పటికి వారి కాపురము నార్విచ్ పట్టణమునకు చేరువనున్న ఓల్డ్ క్యాటన్ గ్రామమున ఉండెను. ఆమె ఆరోగ్యము పూర్తిగా చెడిపోయెను. ఆరేండ్లు ఇల్లు కదలలేదు, సోఫా విడువలేదు. కొంచెము బలము కలిగిన దినమున ఒక పుట వ్రాయును, లేదా తల్లికి చెప్పి వ్రాయించును. ముక్కలు ముక్కలుగా పెన్సిలుతో వ్రాసిన కాగితములను వృద్ధురాలైన ఆ తల్లి తీసికొని శుభ్రముగా ప్రతివ్రాసెను. ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఒక్క మాటయు సాగలేదు. మనము ఒక వారము జ్వరపడిన యెడల మన పని యంతయు విడిచిపెట్టుదుము. ఆమె ఆరేండ్ల జబ్బునడుమ తన పని పూర్తిచేసెను.

ఆమెకు కదలిక లేకుండినను కిటికీ యుండెను. ఒకనాడు ఆ యింటి ముందర ఒక అద్దెబండివాడు ఎవరికొరకో కనిపెట్టుకొనియుండగా, ఆమె తెరచియున్న కిటికీలోనుండి అతనితో మాటలాడెను. ఆదివారమున తాను బండి కట్టనని అతడు చెప్పి, అట్లు చేయుటలో బండివారికి కలుగు కష్టములను వివరించెను. గుఱ్ఱములనుగూర్చి ఆలోచించుచుండగా తనకు బండివారినిగూర్చిన ఆలోచన కూడ కలిగెననియు, వారి నిజమైన స్థితిని సరిగా చూపవలెనని తన కోరికయనియు ఆమె వ్రాసికొనెను. ఈ మాటను గురుతుంచుకొనుడు. గుఱ్ఱమును ప్రేమించి గుఱ్ఱపువానిని ద్వేషించుట సులభము. ఆమె ఆ సులభమైన త్రోవను పట్టలేదు.

1877 నవంబరు 24వ తేదీన నార్విచ్‌లోని జారోల్డ్ కంపెనీవారు ఆ పుస్తకమును ప్రచురించిరి. ఆమెకు ముట్టినది నలుబది పౌనులని చెప్పుదురు. మొదటి ముద్రణ ముఖపత్రముమీద, ఇది గుఱ్ఱపు భాషనుండి ఆనా స్యూయల్ భాషాంతరము చేసినదని అచ్చువేయబడెను. అది హాస్యపు మాటయే. అయినను ఆమె తన్ను రచయిత్రిగా చెప్పుకొనక, వేరొకరి మాటను చేరవేయు దాసురాలిగా చెప్పుకొనెను.

ఆ పుస్తకమున 49 చిన్న అధ్యాయములున్నవి. ఒక పచ్చికమైదానమున తల్లి ప్రక్క పరుగెత్తిన నల్లని గుఱ్ఱపుపిల్ల మంచి జమీందారు ఇంట పెరిగి, తరువాత ఒక చేతినుండి మరియొక చేతికి అమ్ముడుపోవుచు, గొప్పింటి బండినుండి లండను వీధులలోని అద్దెబండివరకు దిగి, తుదకు కుప్పకూలి, మరల దయగలవారి యొద్దకు చేరు కథ యిది. యజమాని మారినప్పుడెల్ల దాని పేరును మారును. తన పేరును తాను నిలుపుకొనుటకైనను దానికి హక్కులేదు.

ఆ కథలో హింసించువారందరు దుష్టులు కారు. హింసకు ఎన్ని తలుపులున్నవో ఆమె ఒక్కొక్కటిగా తెరచి చూపెను. మీరును నాతోకూడ వాటిని చూడుడు.

మొదటి తలుపు సొగసు. ఆ దినములలో గొప్పవారి బండిగుఱ్ఱములకు తల ఎత్తియుంచుటకై ఒక పగ్గము బిగించెడివారు. దాని ఒక కొన కళ్లెమునకు, రెండవ కొన వీపుమీది పట్టీకొక్కెమునకు తగిలింతురు. దానిని కురుచచేసినకొలది గుఱ్ఱపు తల మీదికి లేచి, మెడ వంపుతిరిగి చూపునకు అందముగా నుండును. అయితే బరువు లాగు గుఱ్ఱము తల వంచి తన దేహభారమంతయు మెడపట్టీమీద మోపవలెను. తల వంచనియ్యనియెడల ఎట్లు లాగును? మిట్ట యెక్కునప్పుడు ఊపిరాడదు, మెడనరములు పీకును, నోరు కోసికొనిపోయి నురుగుతో రక్తము కారును. ఎడ్వర్డ్ ఫోర్డ్‌హామ్ ఫ్లవర్ అను పెద్దమనిషి 1875లో దీనికి విరోధముగా ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఆనా కథలో ఒక గొప్పింటి దొరసాని ఆ పగ్గమును ఇంక కొంచెము, ఇంక కొంచెము బిగించుమని ఆజ్ఞాపించును. ఆమె తన చేత కొరడా పట్టలేదు. గుఱ్ఱము అందముగా కనబడవలెనని మాత్రమే కోరెను. జింజరు అను ఎఱ్ఱని ఆడుగుఱ్ఱము ఆ బాధకు తాళలేక తిరుగబడి, చెడ్డ గుఱ్ఱమను పేరు తెచ్చుకొనెను.

రెండవ తలుపు అజ్ఞానము. జమీందారు భార్యకు ప్రాణాపాయము కలిగిన రాత్రి బ్యూటీ వైద్యునికొరకు పరుగెత్తి చెమటలో మునిగి ఇల్లు చేరెను. జో అను లేత ప్రాయపు పనివాడు ప్రేమతోనే దానికి చన్నీళ్లు త్రాగించి, దుప్పటి కప్పక విడిచెను. ఆ రాత్రి గుఱ్ఱమునకు ఊపిరితిత్తుల వాపు కలిగి చావుకు దగ్గరయ్యెను. తెలియక చేసెనని పిల్లవాని తండ్రి మనవి చేయగా, జాన్ మాన్లీ అను పెద్ద సారథి ఆ మాటకు సమాధానపడడు. లోకమునకు దుష్టత్వము తరువాత అజ్ఞానమే గొప్ప కీడు చేయుచున్నదని అతని వాదము. నాకు తెలియలేదను మాట మన నోటినుండి ఎంత సులభముగా వచ్చును! తెలిసికొనుట నీ పనియై యుండెను గదా అని ఆ సారథి మనలను కూడ అడుగుచున్నాడు.

మూడవ తలుపు మద్యము. రూబెన్ స్మిత్ గుఱ్ఱములను పోషించుటలో ఆరితేరినవాడు, మృదువైనవాడు. అయితే త్రాగిన దినమున అతడు వేరు మనుష్యుడు. లాడము వదులైనదని ఇతరులు హెచ్చరించినను వినక చీకటిలో రాళ్లబాటమీద దౌడు తీయించెను. లాడము ఊడి, గుఱ్ఱము మోకాళ్లమీద కూలెను. రూబెన్ క్రిందపడి చనిపోయెను. అతని భార్యాబిడ్డలు ఇల్లు విడిచి అనాథశాల చేరిరి. బ్యూటీ మోకాళ్లమీద మచ్చలు మిగిలెను గనుక గొప్పింటి బండికి పనికిరాదని అమ్మివేసిరి. ఒక్క సీసా ఎన్ని యిండ్లను కూల్చునో చూచితిరా?

నాలుగవ తలుపు అందరికంటె పెద్దది. అది లాభము. లండనులో సామ్ అను బండివాడు చిక్కిన గుఱ్ఱములను తోలుచుండుట చూచి ఇతరులు గద్దింతురు. అప్పుడతడు తన లెక్క చెప్పును. బండికిని రెండు గుఱ్ఱములకును దినమునకు పదునెనిమిది షిల్లింగులు యజమానికి అద్దె చెల్లింపవలెను. అది సంపాదించిన తరువాత వచ్చినదే తన పిల్లల అన్నము. గుఱ్ఱము అలసినదని ఇంటికి మరలినయెడల పిల్లలు పస్తుందురు. కొన్ని దినములకే సామ్ జబ్బుపడి చనిపోవును. అతని కొరడావెనుక ఎవరి చెయ్యి యున్నది? బండ్లు అద్దెకిచ్చు షావుకారు చెయ్యి యున్నది. చౌకగా పోవలెనని బేరమాడిన ప్రయాణికుని చెయ్యి యున్నది. రైలు తప్పిపోవుననియు ఇంక వేగముగా తోలుమనియు కేకవేసిన మన చెయ్యియు ఉన్నది. ఆనా స్యూయల్ కిటికీయొద్ద నేర్చుకొనిన పాఠమిదే.

ఈ చీకటిలో ఒక దీపముగా జెర్రీ బార్కర్ అను అద్దెబండివాడు కనబడుచున్నాడు. అతడు బీదవాడే గాని గుఱ్ఱము కడుపు మాడ్చడు. దినములు ఆరే పనికని నిశ్చయించుకొని, ఆరు దినముల లైసెన్సు మాత్రమే తీసికొనెను. దానివలన మంచి బేరము పోయినను ధైర్యము విడువలేదు. ఎద్దునకును గాడిదకును కూడ విశ్రాంతిదినమును నియమించిన ఆజ్ఞను మనము చదువుచున్నాము గాని, ఆదివారపు ఆరాధనకు మనలను తీసికొనివచ్చిన బండివానికిని, అతని పశువునకును ఏ దినము విశ్రాంతియని ఎంతమందిమి అడిగితిమి? అయితే జెర్రీ నియమమునకు బానిస కాడు. పొరుగున నున్న బీదస్త్రీ తల్లి మరణావస్థలో నున్నదని తెలిసినప్పుడు, ఆదివారమైనను ఒక కసాయివాని తేలిక బండి అడిగి తెచ్చి, గుఱ్ఱమును కట్టి పల్లెకు తోలుకొని పోయెను. అచ్చట గుఱ్ఱమును పచ్చికలో విడిచి దానికి పండుగ చేసెను. దినమును ఆచరించుటయు, దయ చూపుటయు ఒకదానికొకటి విరోధము కాదని అతడెరుగును.

అట్టి జెర్రీ ఎట్లు పడిపోయెను? క్రొత్త సంవత్సరపు పండుగ రాత్రి పేకాటలో మునిగిన ఇద్దరు పెద్దమనుష్యులు పదునొకండు గంటలకు రమ్మని చెప్పి, ఒంటిగంట దాటువరకు అతనిని, గుఱ్ఱమును మంచువానలో నిలువబెట్టిరి. వారు అతనిని తిట్టలేదు, కొట్టలేదు. మరచిపోయిరి, అంతే. అతనికి రొమ్ముజబ్బు కలిగి, ప్రాణము దక్కినను బండిపని శాశ్వతముగా పోయెను. మన కొరకు బయట కనిపెట్టియున్న మనుష్యుని మరచుట కూడ హింసయే.

కెప్టెన్ అను ముసలిగుఱ్ఱము క్రిమియా యుద్ధమును చూచివచ్చినది. ఆ యుద్ధము దేనికొరకని బ్యూటీ అడుగగా, అది గుఱ్ఱమునకు తెలియు సంగతి కాదని చెప్పును. యుద్ధమును నిరాకరించిన క్వేకర్ల బిడ్డ ఇంతకంటె సూటిగా అడుగనక్కరలేదు. ఇక జింజరు! లండను వీధిలో బ్యూటీ దానిని మరల చూచునప్పటికి అది ఎముకల గూడై, తిరుగబడు శక్తియు లేక, చావునే కోరుకొనుచుండెను. కొద్దికాలమునకు ఒక బండిలో చచ్చిన ఎఱ్ఱగుఱ్ఱమొకటి పోవుచుండగా, అది జింజరేనని బ్యూటీ తలంచి, దానికి బాధ తీరినదని నమ్మగోరును. ఈ అధ్యాయము చదివి కన్నీరు కార్చని పిల్లవాడు అరుదు.

ఆనా స్యూయల్ తన పుస్తకపు ఫలమును చూడలేదు. అచ్చైన అయిదు నెలలకు, 1878 ఏప్రిలు 25వ తేదీన, 58వ యేట ఆమె కన్నుమూసెను. బక్స్‌టన్ చేరువ లామాస్ గ్రామమున క్వేకర్ల శ్మశానమునందు ఆమెను పాతిపెట్టిరి. శవయాత్రకు వచ్చిన బండిగుఱ్ఱములకు ఆ తలయెత్తు పగ్గములు బిగించియుండుట తల్లి కిటికీలోనుండి చూచి, దిగివచ్చి వాటిని విప్పించెనని చెప్పుదురు. ఆ పుస్తకపు మొదటి ఫలము రచయిత్రి సమాధికి సాగిన త్రోవలోనే కనబడెనన్నమాట.

సముద్రము దాటి ఆ పుస్తకమునకు మరియొక స్నేహితుడు దొరకెను. అమెరికాలో జార్జి ఏంజెల్ అను న్యాయవాది, 1868లో రెండు గుఱ్ఱములను నలుబది మైళ్ల పందెములో చచ్చువరకు పరుగెత్తించిరని చదివి, మసచూసెట్సులో జంతుహింసా నివారణ సంఘమును స్థాపించినవాడు. గుఱ్ఱములకొరకు, బానిసల విడుదలకు తోడ్పడిన ఆ ప్రసిద్ధ నవలవంటి పుస్తకము ఒకటి కావలెనని అతడు ఎంతకాలముగానో వెదకుచుండెను. బ్లాక్ బ్యూటీ చేతికి రాగానే 1890లో తన విద్యాసంఘము తరపున అచ్చువేయించి, గుఱ్ఱపు సాలలకు, బండివారికి, పాఠశాలలకు చౌకగాను, ఊరకనే గాను పంచిపెట్టెను. కొలది యేండ్లలోనే లక్షలకొలది ప్రతులు అచ్చట వ్యాపించెను. ఆ సంఘము పెట్టిన పోటీకి కెనడాదేశపు మార్గరెట్ మార్షల్ సాండర్స్ వ్రాసిన కుక్కకథ 1893లో అచ్చై, అదియు లోకప్రసిద్ధమయ్యెను. బ్లాక్ బ్యూటీ ఇంతవరకు అయిదుకోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయినదని అంచనా.

అయితే సత్యమును సత్యముగా చెప్పుకొందము. ఒక పుస్తకము చదివి లోకము ఒక్కదినమున మారలేదు. తలయెత్తు పగ్గము సొగసుకాండ్ర బండ్లలో ఇంకను కొన్ని సంవత్సరములు నిలిచి, మెల్లమెల్లగా పోయెను. గుఱ్ఱపు తోకను ఎముకతో కూడ కోయు ఆచారమును కూడ ఆమె తన కథలో ఖండించెను. దానిని నిషేధించు చట్టము బ్రిటనులో 1949లో, అనగా పుస్తకము వెలువడిన 72 సంవత్సరములకు వచ్చెను. అంతకుముందే మోటారుబండి వచ్చి గుఱ్ఱములను వీధులలోనుండి తప్పించెను. గుఱ్ఱపు కాడి విరిగినది మన దయవలనకంటె యంత్రమువలననే యని ఒప్పుకొనవలసియున్నది. ఆ ఘనతను మనము తీసికొనరాదు.

మన దేశమునకును ఈ చరిత్రలో భాగమున్నది. 1861లో కలకత్తాలో కోల్స్‌వర్తీ గ్రాంట్ జంతుహింసా నివారణ సంఘమును స్థాపించెను. 1890లో మొదటి అఖిలభారత చట్టమును, స్వాతంత్ర్యము తరువాత రుక్మిణీదేవి అరండేల్ ప్రయత్నమువలన 1960లో నేటి చట్టమును వచ్చెను. 1965 నాటి నియమముల ప్రకారము బరువు లాగు పశువుచేత దినమునకు తొమ్మిది గంటలకు మించి పనిచేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు తావున మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటలవరకు బండి కట్టరాదు. ముండ్లుగల కళ్లెము వాడరాదు. ఈ నియమములు మనలో ఎందరికి తెలియును? చట్టము పుస్తకములో నున్నది. ఎద్దు ఎండలో నున్నది. ఈ రెంటిని కలుపవలసిన మనుష్యుడు నీడలో నున్నాడు.

మన ఊళ్లలో జట్కాబండ్లు పోయి యేండ్లు గడచినవి. అయితే పైన చూచిన నాలుగు తలుపులు మూయబడెనా? సొగసుకొరకు ప్రాణికి బాధ కలిగించుట మానితిమా? తెలియలేదను సాకు విడిచితిమా? మద్యము మన వీధులు విడిచెనా? మనకు వస్తువు తెచ్చియిచ్చు మనుష్యుడు ఎంత అలసియున్నను, గడియారము చూపి గద్దించుట మానితిమా? గుఱ్ఱము పోయెను గాని, తొందర మిగిలెను. అద్దె కట్టలేక రాత్రింబగళ్లు బండి నడుపుకొను సామ్‌లు నేడును ఉన్నారు.

ఆ కథలో రైటు అను పెద్దమనిషి ఒకడు, వీధిలో గుఱ్ఱమును హింసించువానిని చూచి, పరుల సంగతి నాకేలయని ప్రక్కకు పోక, అడ్డుకొని నిలుచును. కీడును మాన్పగల శక్తి కలిగియుండియు ఊరకుండువాడు ఆ కీడులో పాలివాడగునని అతని నమ్మకము. ఆ నమ్మకముతోనే ఆనా స్యూయల్ ఆరేండ్లు ఆ చిన్న కాగితములు నింపెను. లేచి వీధిలోనికి పోవుటకు ఆమెకు కాళ్లు లేవు. పగ్గము విప్పుటకు ఆమె చెయ్యి చేరదు. ఆమెకున్నది పెన్సిలు ఒక్కటి, దానిని ప్రతివ్రాయు తల్లి ఒక్కతె. దానితో ఆమె చేయగలిగినది చేసెను.

ప్రియ చదువరీ, నీకు కాళ్లున్నవి, చేతులున్నవి. ఈ దినము నీ కంటబడు అలసిన పశువు ఏదో, నీ వాకిట కనిపెట్టియున్న మనుష్యుడెవడో నేను ఎరుగను. అతనికి ఒక చెంబెడు నీళ్లిచ్చి, ఒక్క నిమిషము నిలిచి, అతని సంగతి యడుగుము. బిగించిన పగ్గమేదైన నీ చేతిలో నున్నయెడల, దానిని ఒక బెత్తెడు వదులు చేయుము.